అల్సర్‌కు చిల్లు పడితే కోవిడ్ రిపోర్టు కోసం ఆగాలా?

కరోనా వచ్చాక ఆపరేషన్లు రెండు రకాలుగా విడిపోయాయి. వాయిదా వేయగలిగేవి కొన్ని, వేయలేనివి కొన్ని. హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, మోకాలి మార్పిడి లాంటివి నెలల తరబడి ఆగిపోయాయి. తొలి ఉధృతిలోని 12 వారాల్లోనే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దవడమో వాయిదా పడటమో జరుగుతుందని కోవిడ్‌సర్జ్ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం 2020 మేలో అంచనా వేసింది. వాయిదా వేయలేని వాటిలో ముందు వరసలో ఉండేది కడుపులో అల్సర్‌కు చిల్లు పడిన కేసు. ఆ రోజుల్లో ఇలాంటి రోగి క్యాజువాలిటీకి వస్తే డాక్టర్ల ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే: కోవిడ్ ఉందో లేదో తేలాక థియేటర్‌కు తీసుకెళ్లాలా, తేలకముందే తీసుకెళ్లాలా? ఆ ప్రశ్న మీద చాలా చర్చ జరిగింది. కానీ ఈ రోగుల ప్రాణం మీదికి తెచ్చిన ఆలస్యంలో ఎక్కువ భాగం థియేటర్ తలుపు దగ్గర జరిగింది కాదు. అంతకు చాలా ముందే, ఇంట్లో, దారిలో, ఆసుపత్రి గేటు దగ్గర జరిగింది.

ముందు జబ్బు సంగతి. జీర్ణాశయం గోడలోనో, దాన్ని దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగంలోనో ఉన్న పుండు లోపలికి తొలుచుకుంటూ పోయి ఒక దశలో గోడ ఆవలికి తెరుచుకుంటుంది. ఆ చిల్లు గుండా యాసిడ్, పైత్యరసం, తిన్న అన్నం, గాలి అన్నీ కడుపు లోపలి ఖాళీలోకి కారిపోతాయి. నొప్పి మెల్లగా మొదలవ్వదు. ఒక్కసారిగా పైకడుపులో పొడిచినట్టు వస్తుంది. చాలామంది రోగులు అది ఏ వేళకు మొదలైందో కూడా కచ్చితంగా చెప్పగలుగుతారు. కాసేపటికి నొప్పి పొట్టంతా పాకుతుంది. కదిలితే ఎక్కువవుతుంది కాబట్టి రోగి కదలకుండా పడుకుంటాడు. చేయి వేసి చూస్తే కడుపు చెక్కలా బిగుసుకుని ఉంటుంది.

మోసం చేసేది దీని తర్వాతి దశ. కొన్ని గంటలు గడిచాక కడుపులోకి ఊరే ద్రవం యాసిడ్‌ను పలుచన చేస్తుంది. నొప్పి కొంత తగ్గినట్టనిపిస్తుంది. రోగి 'ఇప్పుడు పర్వాలేదు' అంటాడు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఆ వేళకు లోపల బ్యాక్టీరియా పెరగడం మొదలైపోతుంది. ఆ తర్వాత పొట్ట ఉబ్బడం, నాడి వేగం పెరగడం, మూత్రం తగ్గడం, బీపీ పడిపోవడం వరసగా వస్తాయి. అంటే నొప్పి తగ్గింది కదా అని తెల్లారేదాకా ఆగిన కుటుంబం సరిగ్గా ఆగకూడని సమయంలోనే ఆగినట్టు.

ఎన్ని గంటలు పోతే ఎంత నష్టమో కొలిచిన అధ్యయనం ఒకటుంది. డెన్మార్క్‌లో ఇలా చిల్లు పడి ఆపరేషన్ చేయించుకున్న 2,668 మంది వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించారు. ఆసుపత్రిలో చేరాక ఆపరేషన్ ఒక్కో గంట ఆలస్యమయ్యే కొద్దీ, అంతకు ముందు గంటతో పోలిస్తే బతికే అవకాశం సగటున 2.4 శాతం తగ్గుతూ వచ్చింది. అదీ మంచి ఆసుపత్రులు, మంచి అంబులెన్సులు ఉన్న దేశంలో, ఏ మహమ్మారీ లేని రోజుల్లో వచ్చిన లెక్క. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో అంచనా వేయడానికి సర్జన్లు చాలాకాలంగా వాడుతున్న బోయ్ స్కోరులో ఉన్నవి మూడే ప్రశ్నలు. వచ్చేసరికి షాక్‌లో, అంటే బీపీ బాగా పడిపోయిన స్థితిలో ఉన్నాడా? వేరే తీవ్రమైన జబ్బు ఉందా? చిల్లు పడి 24 గంటలు దాటిందా? కోవిడ్ కాలం ఈ మూడింటినీ ఒకేసారి చెడ్డవైపు నెట్టింది. ఆలస్యం పెరిగింది. ఆలస్యం వల్ల షాక్ పెరిగింది. తీవ్రమైన జబ్బుల జాబితాలోకి కోవిడ్ న్యుమోనియా వచ్చి చేరింది.

డాక్టర్ల భయానికి ఆధారం లేదనడం అన్యాయం. ఊహాన్‌లో వైరస్ సోకిన సంగతి తెలియకుండా ఆపరేషన్ చేయించుకున్న 34 మందిలో 15 మందికి ఐసీయూ అవసరమైంది, ఏడుగురు చనిపోయారు. అవి ముందే అనుకుని చేసిన ఆపరేషన్లు. ఈ వార్త 2020 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. మే నెలాఖరులో 24 దేశాల్లోని 235 ఆసుపత్రుల నుంచి కోవిడ్‌సర్జ్ బృందం ఇంకా పెద్ద లెక్క తెచ్చింది. ఆపరేషన్‌కు కాస్త ముందో వెనకో కోవిడ్ నిర్ధారణ అయిన 1,128 మందిలో 23.8 శాతం మంది 30 రోజుల్లోపే చనిపోయారు. అత్యవసర ఆపరేషన్లలో ఇది 25.6 శాతం. సగం మందికి పైగా ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి.

నలుగురిలో ఒకరు అన్న మాట ఏ సర్జన్‌నైనా వెనకాడేలా చేస్తుంది. కానీ చిల్లు పడ్డ రోగి విషయంలో ఈ లెక్కను పక్కన ఇంకో లెక్క పెట్టుకుని చదవాలి. పైన చెప్పిన డెన్మార్క్ అధ్యయనంలో, కోవిడ్ అనే మాటే లేని రోజుల్లో కూడా, నాలుగో వంతుకు పైగా రోగులు నెలలోపే చనిపోయారు. వాళ్లలో చాలామంది వృద్ధులు. కాబట్టి ఈ జబ్బు ముందునుంచే ప్రాణాంతకం. చిల్లు మూసుకోకుండా, కడుపంతా చీము పట్టిన మనిషిని ఆపరేషన్ లేకుండా వదిలేస్తే మిగిలేది దాదాపుగా చావే. 25.6 శాతాన్ని పోల్చాల్సింది ఆరోగ్యవంతుడి ఆపరేషన్‌తో కాదు, ఆపరేషన్ అందని ఇదే రోగితో. కోవిడ్ తగ్గాక ఏడు వారాలు ఆగి ఆపరేషన్ చేస్తే ప్రమాదం మామూలు స్థాయికి వస్తుందని 2021లో 116 దేశాల సమాచారంతో తేలింది. మోకాలి మార్పిడికి ఆ సలహా బంగారం. అల్సర్ చిల్లు ఉన్నవాడికి ఏడు వారాలు కాదు కదా, ఏడు గంటలే ఎక్కువ.

ఇక తెలుగు నేల మీద ఆ గంటలు ఎక్కడెక్కడ పోయాయో చూడాలి. పైకడుపు నొప్పికి మన ఇళ్లలో మొదట వచ్చే పేరు 'గ్యాస్'. సోడా తాగడం, గ్యాస్ మాత్ర వేసుకోవడం, ఊళ్లో ఆరెంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ చేయించుకోవడం మామూలు రోజుల్లోనూ ఉన్నదే. ఆ ఇంజెక్షన్ చాలాసార్లు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. అంటే పుండుకు కారణమయ్యే జాతి మందునే, చిల్లు పడ్డాక నొప్పి తెలియకుండా చేయడానికి ఇస్తారు. దీనికి 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ తోడైంది. బస్సులు లేవు, ఆటోలు లేవు, చాలా ప్రైవేటు క్లినిక్‌లు మూసుకున్నాయి. ఆసుపత్రికి వెళితే అక్కడే కరోనా అంటుకుంటుందన్న భయం ఒకటి, టెస్టు చేసి పాజిటివ్ అని చెప్పి తీసుకుపోతారేమోనన్న భయం ఇంకొకటి. ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జ్వరం, దగ్గు మందులు కొనేవాళ్ల వివరాలు రాసుకోవాలని మెడికల్ షాపులకు ఆదేశాలొచ్చాయి. వ్యాధి జాడ పట్టడానికి అది అవసరమే కావచ్చు. కానీ దవాఖానా వైపు వెళితే పేరు ఎక్కుతుందన్న జంకు దానివల్ల పెరగకుండా ఉంటుందా?

పెద్దాసుపత్రుల సంగతి వేరే. హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించారు. దాంతో మిగతా అత్యవసర కేసుల భారం ఉస్మానియా మీద పడింది. ఆ ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో వాననీళ్లు వచ్చాయి. వార్డులోని రోగులు మడమలోతు నీళ్ల మధ్య మంచాల మీద కూర్చున్న దృశ్యాలు అందరూ చూశారు. ఆ తర్వాత ఆ భవనాన్నే ఖాళీ చేయించారు. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రుల వంటివి కోవిడ్ కేంద్రాలయ్యాయి. చిల్లు పడ్డ పేగుతో వచ్చే పేదవాడు ఎప్పుడూ ఎక్కే గడప అదే. ఆ గడప మారిపోయిందని అతనికి చెప్పిన వాళ్లెవరూ లేరు. కోవిడ్ ఆసుపత్రికి పోతే నెగటివ్ కాబట్టి వేరేచోటికి, వేరేచోటికి పోతే రిపోర్టు లేదు కాబట్టి ఇంకోచోటికి అన్నట్టు తిరగాల్సి వస్తే, బోయ్ స్కోరులోని 24 గంటలు రోడ్డు మీదే అయిపోతాయి.

అసలు టెస్టు కోసం ఆగాల్సిన పని ఉందా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 మే 18న ఇచ్చిన టెస్టింగ్ మార్గదర్శకాల్లోనే దీనికి స్పష్టమైన జవాబుంది. టెస్టు కాలేదన్న కారణంతో ప్రసవాలతో సహా ఏ అత్యవసర చికిత్సనూ ఆలస్యం చేయకూడదు. శాంపిల్ మాత్రం పంపుకోవచ్చు. కాగితం మీద మాట ఇంత తేటగా ఉన్నా కింది స్థాయిలో భయమే గెలిచిన చోట్లు ఉన్నాయి. ఆ వేసవిలో ఆర్టీపీసీఆర్ ఫలితం రావడానికి చాలాచోట్ల ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పట్టేది. పైగా ఆర్టీపీసీఆర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ లేదని గ్యారంటీ ఏమీ లేదు. స్వాబ్ తీయడంలో తేడా వచ్చినా, మరీ తొలిరోజుల్లో తీసినా తప్పిపోతుంది. నెగటివ్ రిపోర్టు చేతికొచ్చినా పీపీఈ కిట్ తీసేసేంత ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. ఎలాగూ కిట్ వేసుకునే ఆపరేషన్ చేయాల్సినప్పుడు రిపోర్టు కోసం ఆగి సాధించేదేమిటి?

ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది. దాన్ని అప్పుడు అందరూ గుర్తించలేదు. చిల్లు పడ్డ రోగిని వచ్చిన నిమిషంలోనే థియేటర్‌లోకి తోయరు. ముందు సెలైన్లు వేగంగా ఎక్కించాలి. ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి కడుపులో ఉన్నది బయటికి లాగాలి. మూత్రానికి గొట్టం వేసి గంటగంటకూ ఎంత వస్తుందో చూడాలి. యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే ఇంజెక్షన్, ఆక్సిజన్ మొదలుపెట్టాలి. రక్తం గ్రూపు చూసి సిద్ధం చేయాలి. బీపీ పడిపోయిన మనిషికి ఈ తయారీ లేకుండా మత్తు ఇస్తే బల్ల మీదే గుండె ఆగిపోవచ్చు. దీనికి ఎలాగూ ఒకటి రెండు గంటలు పడుతుంది. 2020 జూన్ 14న ఐసీఎంఆర్ ర్యాపిడ్ యాంటిజెన్ టెస్టుకు అనుమతిచ్చాక ఫలితం అరగంటలో వచ్చేది. ట్రూనాట్ అనే చిన్న టెస్టింగ్ మిషన్ ఉన్న చోట కాస్త ఎక్కువ సమయం పట్టేది. ఏదైనా సరే సెలైన్ ఎక్కే సమయంలోనే పూర్తవుతుంది. టెస్టును చికిత్సకు ముందు మెట్టుగా పెడితే గంటలు పోతాయి, పక్కనే నడిపిస్తే ఒక్క నిమిషం కూడా పోదు. మహమ్మారి కాలపు అత్యవసర సర్జరీ గురించి గట్టిగా చెప్పుకోవాల్సిన విషయం ఇదే.

జబ్బు నిర్ధారణలోనూ ఇలాంటి కలిసొచ్చే సంగతి ఒకటుంది. నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఛాతీకి, కడుపుకు మధ్య ఉండే డయాఫ్రమ్ పొర కింద నెలవంకలా గాలి కనిపిస్తే చిల్లు ఉన్నట్టే అని మెడికల్ విద్యార్థులు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. దాదాపు నాలుగింట మూడొంతుల కేసుల్లో అది కనిపిస్తుంది. అదే ఫిల్ములో ఊపిరితిత్తులు కూడా ఉంటాయి. ఒకే ఎక్స్‌రే రెండు ప్రశ్నలకు జవాబిస్తుంది. కడుపు సీటీ తీసినా పై భాగంలో ఊపిరితిత్తుల అడుగు కనబడుతుంది. కడుపు నొప్పితో వచ్చి, సీటీలో ఆ అడుగుభాగంలోని మచ్చలవల్ల కోవిడ్ బయటపడ్డ రోగులు చాలా దేశాల్లో ఉన్నారు.

అయితే ఇందులో రెండు ఉచ్చులున్నాయి. ఊపిరితిత్తుల అడుగున ఉన్న న్యుమోనియా పైకడుపు నొప్పిగా తెలియవచ్చు. అలాంటి రోగికి కడుపు కోస్తే మేలు లేకపోగా ఊపిరికే ముప్పు. రెండోది, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగిలో ఊపిరితిత్తి నుంచి తప్పించుకున్న గాలి కిందికి పాకి కడుపులో కనిపించవచ్చు. పేగుకు ఏ చిల్లూ లేకుండానే ఎక్స్‌రేలో గాలి చూపిస్తుంది. రోగి మాట్లాడలేడు, నిలబడలేడు. అప్పుడు ఫిల్ములో తెల్లగా కనిపించే కాంట్రాస్ట్ ద్రవాన్ని గొట్టం గుండా కడుపులోకి పంపి తీసే సీటీయే ఆధారం.

ఆపరేషన్ లేకుండా గడిపేయొచ్చా అన్న ఆలోచన ఆ రోజుల్లో మళ్లీ బలంగా వచ్చింది. ఇది కొత్తది కాదు. 1940ల్లోనే ఇంగ్లండ్‌లో హెర్మన్ టేలర్ అనే సర్జన్ ముక్కు గొట్టంతో కడుపు ఖాళీగా ఉంచి, సెలైన్లతో కొందరిని బతికించవచ్చని చూపాడు. చిల్లు చిన్నదైతే కాలేయమో, పేగుల మీద కప్పినట్టుండే ఓమెంటం అనే కొవ్వు పొరో వచ్చి అతుక్కుని దాన్ని మూసేస్తుంది. 1989లో హాంకాంగ్‌లో 83 మంది మీద చేసిన పరీక్షలో, ఇలా ఆపరేషన్ లేకుండా మొదలుపెట్టిన 40 మందిలో 11 మందికి 12 గంటలు గడిచినా మెరుగు కనిపించక ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 70 ఏళ్లు దాటిన వాళ్లకు ఈ పద్ధతి సరిగా పనిచేయలేదు. ఈ చివరి వాక్యమే కీలకం. కోవిడ్‌లో ఆపరేషన్ తప్పించాలని ఎక్కువగా అనిపించేది వృద్ధులకే. ఈ పద్ధతి ఫలించనిదీ వాళ్లకే. నొప్పి తగ్గుతూ, నాడి నిలకడగా ఉండి, కాంట్రాస్ట్ పరీక్షలో చిల్లు మూసుకుపోయిందని తేలిన కొద్దిమందికి ఇది సరైన దారి. అదీ గంటగంటకూ సర్జన్ వచ్చి పొట్ట చూసే చోట. కిట్ వేసుకోవాల్సి వస్తుందని రోజుకొక్కసారే రోగి దగ్గరికి వెళ్లే వార్డులో దీన్ని నడపడం ప్రమాదం.

ఆపరేషన్ పద్ధతి మీద జరిగిన తగువు ఇంకొకటి. చిల్లుకు అడ్డంగా కుట్లు వేసి, ఓమెంటం ముక్కను దాని మీద పెట్టి కట్టేసే పద్ధతిని 1937లో టొరంటో సర్జన్ రాస్కో గ్రాహం వివరించాడు. ఇప్పటికీ చిన్న చిల్లులకు అదే ప్రధాన చికిత్స. కడుపు కోసి చేయొచ్చు, చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేసే ల్యాపరోస్కోపీతోనూ చేయొచ్చు. 2020 మార్చిలో ల్యాపరోస్కోపీ మీద అనుమానం మొదలైంది. కడుపులోకి ఎక్కించిన గ్యాస్ బయటికొచ్చేటప్పుడు వైరస్‌ను మోసుకొస్తుందేమోనని బ్రిటన్ సర్జన్ల సంఘాలు దాన్ని సాధారణంగా వాడొద్దన్నాయి. అమెరికా, యూరప్ ల్యాపరోస్కోపీ సంఘాలు ఫిల్టర్లు పెట్టి, పొగను మూసిన గొట్టాల ద్వారా లాగేసి చేయొచ్చన్నాయి. గ్యాస్ ద్వారా సిబ్బందికి కోవిడ్ సోకినట్టు గట్టి రుజువు లేకపోవడంతో ఆ నిషేధ ధోరణి క్రమంగా సడలింది. రోగి వైపు నుంచి చూస్తే పొట్ట పైభాగం కోసిన మనిషి నొప్పికి లోతుగా ఊపిరి తీయలేడు, దగ్గలేడు. కోవిడ్ ఊపిరితిత్తులున్న వాడికి అది పెద్ద దెబ్బ. చిన్న రంధ్రాలతో చేస్తే ఆ బాధ తక్కువ. షాక్‌లో లేని రోగి, అనుభవమున్న సర్జన్, ఫిల్టర్ ఉన్న థియేటర్ ఈ మూడూ ఉంటే ల్యాపరోస్కోపీయే మేలు. లేకపోతే ఉన్న పద్ధతిలో త్వరగా ముగించడమే మేలు.

థియేటర్‌లో మిగతా మార్పులు వింటే చిన్నవిగానే ఉంటాయి. గొంతులో గొట్టం వేసేటప్పుడు మత్తు డాక్టరు, ఒక సహాయకుడు తప్ప మిగతావాళ్లు బయట ఉండాలి. గదిలో గంటకు 15 సార్లు గాలి మారే ఏర్పాటుంటే, గాలిలోని తుంపరలు 99 శాతం తగ్గడానికి 18 నిమిషాలు చాలు. జిల్లా ఆసుపత్రుల్లో స్ప్లిట్ ఏసీతో నడిచే థియేటర్లకు ఈ లెక్క వర్తించదు, ఎందుకంటే అవి ఉన్న గాలినే తిప్పుతాయి. కిట్లకు పెట్టిన ఖర్చుతో పోలిస్తే గాలి మార్పిడికి పెట్టింది చాలా తక్కువ. రేపు ఇంకో వైరస్ వచ్చినా అడ్డొచ్చేది ఇదే లోటు.

ఇంతవరకూ చెప్పింది బయటి నుంచి వచ్చిన రోగి గురించి. కోవిడ్ వార్డులోనే చిల్లు పడ్డవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. 2020 జూన్ 16న బ్రిటన్‌లో 'రికవరీ' పేరుతో జరిగిన ట్రయల్ ఫలితాలు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని చెప్పాయి. ఆక్సిజన్ అవసరమైన వాళ్లకు రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు కనిపించలేదు. 2021 రెండో ఉధృతి నాటికి మన దగ్గర స్టెరాయిడ్ వాట్సాప్ ప్రిస్క్రిప్షన్లలోకి వచ్చేసింది. మొదటిరోజు జ్వరానికే మొదలుపెట్టినవాళ్లు, చెప్పిన మోతాదుకు రెండు మూడింతలు వాడినవాళ్లు ఉన్నారు. దాని ఫలితంగా బ్లాక్ ఫంగస్ గురించి అందరూ మాట్లాడుకున్నారు. కడుపు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు, వాటితోపాటు స్టెరాయిడ్ కలిస్తే అల్సర్ ముప్పు విడివిడిగా వాడినప్పటికన్నా బాగా పెరుగుతుంది. డోలో 650 లాంటి పారాసిటమాల్ మాత్రల కథ వేరు, అవి పుండు చేయవు. కానీ అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ రెండూ కలిసిన మాత్రలు మన షాపుల్లో ధారాళంగా దొరుకుతాయి. కొనేవాడికి తేడా తెలియదు.

స్టెరాయిడ్ చేసే రెండో పని ఇంకా ప్రమాదకరం. అది కడుపు గట్టిపడటాన్ని, జ్వరాన్ని, నొప్పిని అణిచేస్తుంది. చిల్లు పడినా పొట్ట మెత్తగానే ఉండొచ్చు. తీవ్రమైన కోవిడ్‌లో వాడిన టోసిలిజుమాబ్ ఇంజెక్షన్‌కు కూడా పేగులకు చిల్లు పడే ముప్పు ముందునుంచే తెలుసు. కోవిడ్ రోగికి నాడి పెరిగి, ఆక్సిజన్ తగ్గితే అందరూ ఊపిరితిత్తుల వైపే చూస్తారు. పొట్ట మీద చేయి వేసి చూడటం ఎవరికీ గుర్తుకురాదు. పైగా రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ నడుస్తుంటుంది కాబట్టి ఆపరేషన్‌లో రక్తస్రావం ఆపడం అదనపు పని.

భయం, ఒత్తిడి వల్లే చిల్లులు పెరిగాయా అని కూడా కొందరు అడిగారు. 1940-41లో లండన్ మీద బాంబులు కురిసిన నెలల్లో అల్సర్ చిల్లు కేసులు పెరిగినట్టు అప్పటి డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో నమోదు చేశారు. కాబట్టి ప్రశ్న అసంబద్ధం కాదు. కానీ కోవిడ్ కాలంలో నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు, ఆలస్యం అన్నీ కలగలిసి ఉన్నాయి. అందులోంచి ఒత్తిడిని ఒక్కదాన్నే వేరు చేసి చూపడం సాధ్యమయ్యే పని కాదు.

ఆపరేషన్ అయిపోయాక మిగిలే పని ఒకటుంది. మహమ్మారి దాన్నే ఎక్కువగా మరిపించింది. ఈ పుండ్లకు నొప్పి మాత్రలతోపాటు ప్రధాన కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. దీన్ని కనిపెట్టినందుకే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. చిల్లు కుట్టినంత మాత్రాన బ్యాక్టీరియా పోదు. 2000లో వచ్చిన హాంకాంగ్ అధ్యయనంలో, చిల్లు కుట్టాక ఈ బ్యాక్టీరియాకు మందులు వాడిన వాళ్లలో ఏడాది తర్వాత 4.8 శాతం మందికే పుండు తిరగబెట్టింది. వాడని వాళ్లలో 38.1 శాతం మందికి తిరగబెట్టింది. కోవిడ్ రోజుల్లో కుట్లు ఆరకముందే ఇంటికి పంపేశారు. ఎండోస్కోపీలు తుంపరల భయంతో ఆగిపోయాయి. మళ్లీ చూపించుకోవడానికి వచ్చే దారి లేదు. చిల్లు జీర్ణాశయం గోడకే పడి ఉంటే అది క్యాన్సర్ పుండు కాదని ముక్క పరీక్షతో తేల్చుకోవాలి, అదీ చాలామందికి జరగలేదు. 2020, 2021లో ఈ ఆపరేషన్ చేయించుకుని ఆ తర్వాత పైలోరి టెస్టు గానీ ఎండోస్కోపీ గానీ చేయించుకోనివాళ్లు ఇప్పుడైనా చేయించుకోవచ్చు. మలం పరీక్షతోనో, గాలి ఊది చేసే పరీక్షతోనో బ్యాక్టీరియా సంగతి తేలిపోతుంది. పరీక్షకు ముందు రెండు వారాలు పాంటోప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మాత్రలు ఆపాలి, లేకపోతే ఉన్నా లేనట్టు చూపించవచ్చు. ఆపడం ఎలాగో డాక్టరును అడిగే చేయాలి. పాజిటివ్ వస్తే సాధారణంగా 14 రోజుల మందుల కోర్సు ఉంటుంది.